ఇంటి సామాను తరలింపు: బాడుగ అంచనా

ఇల్లు మారే కుటుంబానికి ప్యాకర్స్ అండ్ మూవర్స్ సంస్థగానీ, బండి యజమానిగానీ ముందుగా చెప్పే ఖర్చును అంచనా లేదా కొటేషన్ అంటారు. బండి బాడుగ అందులో ఒక భాగమే. సామాను సర్దే కూలి, హమాలీ, టోల్, బీమా, పన్ను కలిస్తేనే అసలు ఖర్చు తేలుతుంది. రెండు అంచనాలను పోల్చేటప్పుడు మొత్తం ఎంతన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఆ మొత్తంలో ఏ పనులు చేరాయో చూడాలి.

నేపథ్యం

కర్నూలు, కడప ప్రాంతాలు పెద్ద తరలింపులనే చూశాయి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని కావడంతో మద్రాసు నుంచి ప్రభుత్వ కార్యాలయాలు, ఉద్యోగులు ఇక్కడికి వచ్చారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే రాజధాని హైదరాబాదుకు మారింది. శ్రీశైలం జలాశయం కోసం ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల, రాయచోటి జిల్లా కేంద్రాలు కావడంతో పాత జిల్లా కేంద్రాల ఉద్యోగుల్లో కొందరు అక్కడికి మారాల్సి వచ్చింది. ఇల్లు కదలడమే ఒక భారమని 2013 భూసేకరణ చట్టం కూడా గుర్తించింది. నిర్వాసిత కుటుంబానికి సామాను, పశువుల తరలింపు కోసం ఒకసారి రూ.50,000 ఇవ్వాలని దాని రెండో షెడ్యూలు చెబుతుంది.

ధరను నిర్ణయించేవి

బండి పరిమాణం: ఒక గది సామానుకు టాటా ఏస్ సరిపోవచ్చు. రెండు పడకగదుల ఇంటికి బొలెరో పికప్ లేదా డీసీఎం వ్యాను కావాలి. బీరువాలు, గ్రైండరు, రుబ్బురోలు, బియ్యం, జొన్నల మూటలు ఉంటే చోటుతోపాటు బరువూ లెక్కకొస్తుంది.

దూరం, దారి: కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు 40వ నంబరు జాతీయ రహదారిపై దాదాపు 200 కిలోమీటర్లు. 44వ నంబరు రహదారిపై హైదరాబాదుకూ దూరం కాస్త అటూఇటుగా అంతే. కానీ ఆ దారిలో తుంగభద్ర దాటితే తెలంగాణ. కాబట్టి బండి పర్మిట్ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోవాలి. కడప నుంచి రాయచోటికి దూరం తక్కువే అయినా గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలి. బండి ఖాళీగా తిరిగి రావాల్సి ఉంటే యజమాని రానూపోనూ బాడుగ అడుగుతాడు. సరుకు దించి వెనక్కి వెళ్తున్న బండి దొరికితే ధర తగ్గుతుంది, అయితే అది వచ్చే రోజు, వేళ మన చేతిలో ఉండవు.

హమాలీ: మేడమీది ఇల్లు, లిఫ్టు లేకపోవడం, పాతబస్తీ సందులోకి బండి రాకపోవడం కూలిని పెంచుతాయి. చాలా తగాదాలు ఇక్కడే పుడతాయి.

కాలం: ఆషాఢం వంటి శూన్య మాసాల్లో గృహప్రవేశాలు పెట్టుకోరు కనుక మంచి ముహూర్తాల రోజుల్లో బళ్లకు గిరాకీ పెరుగుతుంది. బదిలీల వేళ, జూన్‌లో బడులు తెరిచే ముందు కూడా అంతే. కర్నూలు యార్డుకు ఉల్లి, ఆదోనికి పత్తి ముమ్మరంగా వచ్చే రోజుల్లో లారీలు అటు మళ్లుతాయి.

అంచనా రకాలు

సామాను చూసి, జాబితా రాసి, ఇక పెరగదని ఒప్పుకున్నది ఖాయ ధర. ఫోనులో విని చెప్పినది సుమారు ధర. సామాను ఎక్కించేటప్పుడు అది మారవచ్చు. అమెరికాలో రాష్ట్రాల మధ్య తరలింపుకు సుమారు అంచనా ఇచ్చిన సంస్థ, సామాను అప్పగించేటప్పుడు ఆ అంచనాలో 110 శాతానికి మించి వసూలు చేయకూడదు. మన దేశంలో అలాంటి హద్దు లేదు. అందుకే ఇక్కడ రాతపూర్వక ఒప్పందమే కుటుంబానికి రక్ష.

చట్టం, బీమా, పన్ను

2007 నాటి రోడ్డు రవాణా చట్టం 2011 మార్చి 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం సరుకు విలువను ముందే ఎక్కువగా ప్రకటించి ఒప్పందం చేసుకోకపోతే, నష్టపరిహారం బాడుగకు పది రెట్లు దాటదు. బాడుగ రూ.8,000 అయితే గరిష్ఠ పరిహారం రూ.80,000. టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ ఉన్న ఇంటికి అది చాలకపోవచ్చు. నష్టం జరిగితే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అంచనాలో బీమా రుసుము ఉంటే, బీమా కంపెనీ ఇచ్చిన పాలసీ కాగితం అడిగి తీసుకోవాలి.

సర్దడం, రవాణా, దింపడం కలిపి చేసే సేవపై సాధారణంగా 18 శాతం జీఎస్టీ ఉంటుంది. చెప్పిన ధరలో అది చేరిందో లేదో అడగాలి. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు అవసరం లేదు.

జాగ్రత్తలు

- కనీసం మూడు చోట్ల అంచనా తీసుకోవాలి. అందరికీ ఒకే సామాను జాబితా చూపాలి.
- ఏ అంతస్తు, బండి ఇంటికెంత దూరంలో ఆగుతుంది, టోల్ ఎవరిది, విప్పిన మంచాలు బిగించేదెవరు అన్నవి కాగితంపై రాయించాలి.
- అడ్వాన్సుకు రసీదు తీసుకోవాలి. మొత్తం డబ్బు ముందే ఇవ్వకూడదు.
- మిగతా అంచనాలకన్నా బాగా తక్కువ చెప్పినవారిని, ఏ పని వదిలేశారో అడగాలి.

ఒప్పుకున్నదానికి మించి డబ్బు అడిగి సామాను దించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. సంస్థ హైదరాబాదుదైనా కర్నూలు వాసి కర్నూలు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను, కడప వాసి కడప కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. అక్కడ చూపడానికి సంతకం చేసిన అంచనా, సామాను జాబితా, రసీదు భద్రంగా ఉంచుకోవాలి.