కంపు: ఒక మాట, రెండు వాసనలు

గూళూరు, బాగేపల్లి ప్రాంతములలో ఇంట తెలుగు, బడిలో కన్నడము నేర్చి పెరిగిన మనకు ఒక చిన్న చిక్కు పరిచితమే. మల్లెపూవునకు ‘కంపు’ కలదని కన్నడమున అన్నచో అది మెచ్చుకోలు. తెలుగింట అదే మాట అన్నచో ముక్కు మూసికొందురు. ఒకే ద్రావిడ పదము రెండు త్రోవల పోయినది. పూవు మారలేదు, ముక్కును మారలేదు. మరి సువాసన, దుర్వాసన యను భేదము ఎచట నున్నది?

ప్రశ్న ప్రాచీనమే. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్ర తార్కికుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహమున గంధమును పృథివీగుణముగా నెంచి, సురభి, అసురభి యని రెండుగా విభజించెను.

ఆధునిక శాస్త్రము ముక్కులోనికే తొంగిచూచినది. 1991లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ ఎలుకలపై పరిశోధించి, వాసనను పసిగట్టు గ్రాహకములను నిర్మించు జన్యువుల మహాకుటుంబమును కనుగొనిరి. 2004లో వారికి నోబెల్ బహుమానము లభించెను. మానవునిలో పనిచేయునట్టి జన్యువులు సుమారు 400. ఇంచుమించు అన్నియే, తరతరములలో చెడి, మూగవోయి మిగిలి యున్నవి.

ముక్కు పైభాగమున నున్న ఒక్కొక్క నాడీకణము సాధారణముగా ఒకే రకపు గ్రాహకమును ధరించును. గాలిలోని అణువు దానికి తగిలినంతనే మెదడునకు వార్త పోవును. ఒక అణువును పలు గ్రాహకములు, ఒక గ్రాహకము పలు అణువులను గుర్తించునని 1999లో తేలినది. అక్షరములు కొన్నియే యైనను వాని కూర్పుతో మాటలు లెక్కకు మిక్కిలి యగునట్లే, వాసనలును.

ఈ జన్యువులు మనిషి మనిషికి కొంత భేదించును. కొత్తిమీర కొందరికి సబ్బువలె తోచుటకు ఓఆర్6ఎ2 మొదలగు జన్యువులున్న భాగముతో సంబంధము కలదని 2012లో తెలిసినది. పంక్తిలో నొకరు కొత్తిమీర నేరివేసిన, అది వట్టి పేచీ కాకపోవచ్చును.

జన్యువు వార్తను తెచ్చును. ఇష్టానిష్టములు కొంత పుట్టుకతోను, పెక్కు అలవాటుతోను కలుగును. పేరిడునది మాత్రము భాష. పచ్చివాసన, మాడువాసన, ముక్కవాసన, నీచువాసన: శాస్త్రకారుడు రెండన్న చోట మన వంటయిండ్లు ఇన్ని చెప్పినవి. అక్కర తగ్గిన జన్యువు చెడినట్లే పలుకని మాటయు మూగవోవును. జన్యువును నిలుపుట మన చేతిలో లేదు. మాటను నిలుపుట కలదు. పిల్లలు ‘ఏదో వాసన’ యని యూరకున్నపుడు ‘ఏ వాసన?’ అని తెలుగున అడుగుదము. కన్నడపు కంపును మెచ్చుచునే మన మాటలను వారి నాలుకపై నిలుపుదము.