వివక్ష

కులం, మతం, లింగం, వైకల్యం వంటి కారణాలతో మనిషికి దక్కాల్సిన గౌరవాన్ని, హక్కును, అవకాశాన్ని నిరాకరించడం వివక్ష. సందర్భాన్ని బట్టి ఈ మాటకు వేర్వేరు అర్థాలున్నాయి.

ప్రత్యక్ష వివక్ష: ఫలానా వర్గం వారన్న కారణంతోనే వేరుగా చూడటం. తెలుగు పల్లెల్లోని రెండు గ్లాసుల పద్ధతి ఇలాంటిదే. టీ కొట్టులో దళితులకు వేరే గ్లాసు పెట్టి, తాగాక వారిచేతే కడిగించేవారు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955, 1989 నాటి చట్టాలు ఇలాంటి చర్యలకు శిక్షలు నిర్దేశించాయి.

పరోక్ష వివక్ష: నిబంధన అందరికీ ఒకటే, నష్టం మాత్రం కొందరికే. పురుష అధికారులు సర్వీసు తొలి ఏళ్లలో నెగ్గే వైద్య ప్రమాణాన్ని సైన్యం నడివయసు మహిళా అధికారులకు పెట్టింది. అది వివక్షేనని 2021లో నితీషా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

సదుపాయాల నిరాకరణ: వికలాంగులకు సహేతుకమైన సదుపాయం కల్పించకపోవడాన్ని కూడా 2016 నాటి చట్టం వివక్షగానే నిర్వచించింది.

సానుకూల వివక్ష: రిజర్వేషన్ల వంటి చర్యలకు వాడే పేరు. 1951లో మొదటి సవరణ ద్వారా రాజ్యాంగంలో ఇలాంటి చర్యలకు వీలిచ్చే 15(4) అధికరణం చేరింది. రిజర్వేషన్లు సమానత్వానికి మినహాయింపు కావని, సమానత్వంలో భాగమేనని 1975 నాటి ఎన్.ఎం. థామస్ కేసు తీర్పులో మెజారిటీ న్యాయమూర్తులు భావించారు.

ధర వివక్ష: ఒకే సరుకును కొనేవారిని బట్టి వేర్వేరు ధరలకు అమ్మడం. ఇది అర్థశాస్త్ర పదం. విద్యార్థులకిచ్చే రాయితీ టికెట్ కూడా దీని కిందికే వస్తుంది.