ఆపడం నేర్చుకున్న తాడు

శాన్‌ఫ్రాన్సిస్కోలో గోల్డెన్ గేట్ వంతెన పని 1933 జనవరిలో మొదలయ్యేనాటికి అమెరికా వంతెనల కంట్రాక్టర్లలో ఒక లెక్క చలామణిలో ఉండేది. పది లక్షల డాలర్ల పనికి ఒక ప్రాణం. ఎవరూ దాచుకునే లెక్క కాదది. సిమెంటు, ఉక్కు లాగే అదీ ఒక ఖర్చు. వంతెన అంచనా మూడున్నర కోట్ల డాలర్లు కాబట్టి 35 మంది పోతారన్నమాట. చీఫ్ ఇంజనీర్ జోసెఫ్ స్ట్రాస్ దీనికి ఒప్పుకోలేదు. తలకు గట్టి టోపీ తప్పనిసరి చేశాడు. ఇనుప దూలాల మీద విన్యాసాలు చేసేవాళ్లను పనిలోంచి తీసేస్తానన్నాడు. లక్షా 30 వేల డాలర్లకు పైగా పోసి, వంతెన కింద మనీలా తాళ్లతో అల్లిన వల కట్టించాడు. అది వంతెన అంచు దాటి ఇరువైపులా పదేసి అడుగులు బయటికి ఉండేది.

ఆ వలలో పడి 19 మంది బతికారు. తమది ‘నరకానికి సగం దారి క్లబ్బు’ అని వాళ్లే పేరు పెట్టుకున్నారు. అయితే 1937 ఫిబ్రవరి 17న, పని దాదాపు ముగింపుకొచ్చిన దశలో, టన్నుల బరువున్న పరంజా ఒకటి ఊడి మనుషులతో సహా వల మీద పడింది. వల తెగింది. పది మంది నీళ్లలో పడి చనిపోయారు. మొత్తం మీద ఆ వంతెన పనిలో పోయినవాళ్లు 11 మంది. 35 ఎక్కడ, 11 ఎక్కడ!

వల ఎందుకు పనిచేసిందో ఇక్కడే ఒక మాట చెప్పుకోవాలి. దాని బలం తాడు మందంలో లేదు, కిందికి కుంగడంలో ఉంది. పడినవాణ్ని అది పట్టుకుంది, కిందికి దిగుతూ పట్టుకుంది. ఎత్తున పనిచేసేవాళ్ల రక్షణ చరిత్ర మొత్తంలో అర్థం చేసుకోవడానికి ఎక్కువ కాలం పట్టింది ఈ ఒక్క సంగతే. తెగని తాడు చేయడం మనిషికి ఎప్పటినుంచో తెలుసు. పడేవాణ్ని విరగ్గొట్టకుండా ఆపే తాడు చేయడానికి మాత్రం ఇరవయ్యో శతాబ్దం సగం గడిచిపోయింది.

న్యూయార్క్‌లో అప్పుడు వలా లేదు, తాడూ లేదు. 1932 సెప్టెంబరులో ఆర్‌సీఏ భవనం 69వ అంతస్తులో, కాళ్లు గాలిలో వేలాడేసుకుని 11 మంది భోజనం చేస్తున్న ఫొటో ఇప్పటికీ మన ఆఫీసు గోడల మీద కనిపిస్తుంది. భవనం ప్రచారం కోసం కూర్చోబెట్టి తీసిందే అయినా, వాళ్లంతా నిజమైన కార్మికులు. ఆ ఫొటోలో అందరూ ధైర్యం చూస్తారు. నాకైతే ముందు కనబడేది ఎవరి నడుముకూ బెల్టు లేకపోవడమే.

అలాగని బెల్టు లేని కాలం కాదది. టెలిగ్రాఫ్ స్తంభాలెక్కే లైన్‌మన్లు, ఎత్తయిన మేడల కిటికీలు తుడిచేవాళ్లు నడుముకు తోలుపట్టీ కట్టుకునేవారు. పట్టీ నుంచి స్తంభం చుట్టూ మరో పట్టీ. దాని మీద వాలి నిలబడితే రెండు చేతులూ పనికి ఖాళీ. మన గీత కార్మికుడి మోకు కూడా ఈ జాతిదే, ఇంకా పాతది. చెట్టు చుట్టూ, నడుము చుట్టూ తిప్పిన మోకు. కాళ్ల మధ్య బంధం. ఒక ఊపుతో మోకు పైకి జరపడం, ఒక ఊపుతో కాళ్లు పైకి లాగడం. ఒంటి బరువు వెనక్కి వాలినకొద్దీ మోకు చెట్టుకు బిగుస్తుంది. తయారు చేసిందెవరో గానీ, రాపిడి సూత్రం ఒంట్లో ఇంకినవాడు. కానీ తోలుపట్టీ అయినా, మోకు అయినా పనివాణ్ని నిలబెట్టడానికే. పడిపోతున్నవాణ్ని ఆపడం దాని పని కాదు. మోకు జారిందంటే దాని చేతిలో ఇక ఏమీ లేదు. చెట్టు మీద కాలి బంధానికి చిక్కుకుని తలకిందులుగా వేలాడిన గీత కార్మికుడి వార్త మన జిల్లా పేజీల్లో ఏటా వస్తూనే ఉంటుంది.

నిలబెట్టడానికీ ఆపడానికీ ఉన్న ఈ తేడాను మరవడమే పరిశ్రమలు చేసిన పొరపాటు. నిలబెట్టే బెల్టుకు పొడుగాటి తాడు కట్టి, ఇక పడినా ఫరవాలేదన్నాయి. లెక్క వేసి చూడండి. వంద కిలోల మనిషి 1.8 మీటర్లు పడటానికి పట్టేది సెకనులో ఆరు పదో వంతులు. అప్పటికి వేగం గంటకు 21 కిలోమీటర్లు. సాగని తాడు అతన్ని పది సెంటీమీటర్లలో ఆపేస్తే, ఒంటి మీద పడే బలం అతని బరువుకు 19 రెట్లు, అంటే దాదాపు రెండు టన్నులు. అదీ నడుము దగ్గర, పొట్ట మీద. అదే మనిషిని ఒక మీటరు దూరంలో నిదానంగా ఆపితే మూడు రెట్లు కూడా దాటదు. పడిన ఎత్తు రెండింటికీ ఒకటే. తేడా అంతా ఆపిన దూరంలో ఉంది.

దీన్ని ముందుగా పట్టుకున్నది ఫ్యాక్టరీ ఇంజనీర్లు కాదు, కొండలెక్కే సరదా ఉన్న కుర్రాళ్లు. కాలిఫోర్నియా బర్కిలీలో 1932లో రిచర్డ్ లియొనార్డ్, అతని మిత్రులు ఒక చిన్న క్లబ్బు పెట్టుకుని ఊళ్లో రాళ్ల మీద సాధన చేసేవారు. అప్పటిదాకా పర్వతారోహకుల నియమం ఒకటే: ముందు ఎక్కేవాడు పడకూడదు. పడితే తాడు తెగుతుంది, లేదా మనిషి విరుగుతాడు. వీళ్లు ఆ నియమం పక్కనపెట్టి కావాలని దూకి చూశారు. కింద తాడు పట్టుకున్నవాడు బిగించి ఆపకుండా, ఒంటి మీదుగా కాస్త జారనిస్తూ ఆపితే ఇద్దరూ క్షేమంగా ఉంటున్నారు. తర్వాత ఆర్నాల్డ్ వెక్స్‌లర్ అనే ఇంజనీరుతో కలిసి లియొనార్డ్ ఈ లెక్కలన్నీ 1946లో సియెర్రా క్లబ్ పత్రికలో అచ్చువేశాడు. ఈలోగా నైలాన్ వచ్చింది. డూపాంట్ ప్రయోగశాలలో 1935లో పుట్టిన ఈ దారం యుద్ధకాలంలో పారాచూట్లలోకి, సైన్యం తాళ్లలోకి ఎక్కింది. మనీలా నార పెద్దగా సాగదు, నైలాన్ సాగుతుంది. కుర్రాళ్లు చేతులతో చేసిన పని ఇప్పుడు దారమే చేయసాగింది.

తాడు మారినా బెల్టు నడుముకే ఉండిపోయింది. దాని సంగతి తేల్చింది అమెరికా వైమానిక దళం. ఒహాయోలోని రైట్-ప్యాటర్సన్ స్థావరంలో 1987లో మనుషుల్ని కదలకుండా వేలాడదీసి, ఎంతసేపు ఓర్చుకోగలరో చూశారు. నడుము బెల్టుతో సగటున 1.63 నిమిషాలు. ఛాతీ పట్టీతో 6.08. భుజాలు, తొడలు అన్నీ కలిపి పట్టే పూర్తి హార్నెస్‌తో 14.38. వాళ్లు పడలేదు సుమా, ఊరికే వేలాడారంతే. అయినా రెండు నిమిషాలు కాలేదు. పడటాన్ని ఆపడానికి నడుము బెల్టు వాడకూడదని అమెరికా నియమం 1998 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అదే నియమాల కింద హార్నెస్ వేసుకున్నవాడి ఒంటి మీద పడే బలం 8 కిలోన్యూటన్లు దాటకూడదు. యూరప్ 6 అంటుంది.

ఆ 14 నిమిషాల అంకె మన సైట్లలో గోడ మీద రాసి పెట్టాల్సినది. పడినవాడు తాడుకు ఆగితే ప్రమాదం తప్పిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కదలకుండా వేలాడితే రక్తం కాళ్లలోనే నిలిచిపోతుంది, గుండెకు తిరిగి రాదు. ఎలా దింపాలో ముందే అనుకోకపోతే ఆపిన తాడే చంపగలదు.

ఇప్పుడు తాడు చివర కనబడే చిన్న పొట్లం షాక్ అబ్జార్బర్. మడతలు పెట్టి కుట్టిన పట్టీ. పడిన ఊపుకు కుట్లు ఒక్కొక్కటే చిరిగిపోతూ సుమారు మీటరు పొడుగు సాగుతుంది. చిరగడమే దాని పని, అందుకే ఒకసారి చిరిగింది మళ్లీ పనికిరాదు. దీనికి కింద చోటు కావాలి. తాడు 1.8 మీటర్లు, చిరిగేది ఒక మీటరు, వీపు మీది రింగు నుంచి కాళ్ల దాకా మరో ఒకటిన్నర, పైన కాస్త మిగులు. కొక్కెం తగిలించిన చోటు నుంచి అయిదు మీటర్లకు పైగా ఖాళీ ఉండాలన్నమాట. మొదటి శ్లాబు మీద పనిచేసే మేస్త్రీ కాళ్ల దగ్గరే కొక్కెం తగిలిస్తే, తాడు బిగిసేలోపే నేల తగులుతుంది. అలాంటిచోట కారు సీటు బెల్టులా మెల్లగా లాగితే వచ్చి, గుంజితే పట్టేసే రీలు వాడాలి.

పైకప్పు అంచు పొడుగునా కట్టే అడ్డ లైఫ్‌లైన్ విషయంలో మన కంటికి తోచేది పూర్తిగా తప్పు. వైరు వీణ తీగలా బిగించి ఉంటే గట్టిగా ఉన్నట్టనిపిస్తుంది. మధ్యలో 600 కిలోల గుంజుడు పడిందనుకోండి. వైరు రెండువైపులా 30 డిగ్రీలు వంగితే ఒక్కో చివర పడేదీ 600 కిలోలే. 15 డిగ్రీలే వంగితే 1,160. ఐదు డిగ్రీలే అయితే దాదాపు మూడున్నర టన్నులు. ఎంత బిగిస్తే చివరి బోల్టు మీద అంత భారం. అందుకే మంచి వ్యవస్థల్లో వైరు చివర కూడా ఒక అబ్జార్బర్ ఉంటుంది.

మన దేశంలో నిర్మాణ కార్మికుల చట్టం 1996లో, దాని కేంద్ర నియమాలు 1998లో వచ్చాయి. బెల్టులకు, హార్నెస్‌లకు ఐఎస్ 3521 ప్రమాణం ఉంది. కాగితం మీద లోటు లేదు. హార్నెస్ కొనడమూ కష్టం కాదు. కష్టమంతా కొక్కెం ఎక్కడ తగిలించాలన్నదే. సెంట్రింగ్ కొట్టేవాళ్లు ఒంటి మీద హార్నెస్‌తో, వెనక ఊగుతున్న కొక్కెంతో నడవడం హైదరాబాదులో ఏ అపార్టుమెంటు ముందు నిలబడినా కనిపిస్తుంది. దాన్ని కార్మికుడి నిర్లక్ష్యమనడం నాకు న్యాయంగా తోచదు. తగిలించడానికి లైను లేనిచోట కొక్కెం బరువే తప్ప రక్షణ కాదు.

తాటిచెట్టెక్కేవాణ్ని ఎంతదాకా ఎగదోస్తామని సామెత. అయినా తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో గీత కార్మికులకు కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొండలెక్కేవాళ్లు వాడే తరహా తాళ్లు, క్లిప్పులు, కాళ్ల పట్టీలు. కాటమయ్య గౌడుల కులదైవం కాబట్టి పేరు బాగానే అతికింది. నిలబెట్టే తాడుకు ఆపే తాడు తోడైంది. అయితే పొద్దున్నే ఎన్నో చెట్లు ఎక్కి దిగాల్సిన మనిషికి ప్రతి చెట్టు దగ్గరా ఈ పట్టీలు బిగించి విప్పడమంటే సమయం, సమయమంటే కల్లు. కిట్టు ఇంట్లో మేకుకు వేలాడుతుందో, చెట్టుకు వేలాడుతుందో తేల్చేది ఆ కాస్త ఆలస్యమే.