దివాన్‌ఖానా కిరాయికి

మమ్మల్ని ఇంకా నవాబుల వారసులనే అంటారు. మెదక్ ఖిల్లా చూపించి ‘మీవాళ్లు ఏలిందే కదా’ అంటారు. ఏలినవాళ్లు వేరు, మేము వేరు. మా తాతల్లో చప్రాసీలున్నారు, గుమాస్తాలున్నారు, టాంగా తోలినవాళ్లున్నారు. మా చరిత్ర ఖిల్లా మీద దొరకదు. మా ఇళ్లల్లో ఇటుకలతో మూసేసిన తలుపు దగ్గర దొరుకుతుంది.

కాస్త కలిగిన ముస్లిం ఇంటికి వీధివైపు దివాన్‌ఖానా ఉండేది. మగ మెహమాన్లు కూచునే అర్ర అది. దాటితే సహన్, ఆ వెనక జనానా. నడుమ ఒక తలుపు, దానికి పర్దా. ఆ తలుపు మూసేస్తే ముందు అర్ర వేరే ఇల్లయిపోతుంది.

ఎందుకు మూశాం? 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ జరిగింది. ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాల్లో కలిపి కనీసం 5 వేల మంది చనిపోయారని సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఆ రిపోర్టు దశాబ్దాలపాటు జనం కంట పడలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్దార్లకు పరిహారం ముట్టింది. వాళ్లను నమ్ముకున్న నౌకర్లకు బతుకుదెరువు పోయింది. కచేరీల్లో ఉర్దూ పోయింది, ఉర్దూ ఒక్కటే చదివినవాడి నౌకరీకి గతి లేకపోయింది. మెహమాన్లు రావడం తగ్గిన అర్రకు కిరాయిదారు వచ్చాడు.

అర్రను ఇల్లు చేయడం చిన్న పనేం కాదు. మూలన వంటగట్టు కట్టాలి. దొడ్డివైపు గుసల్‌ఖానా దించాలి. మట్టిగోడ తడికి ఆగదు, నీళ్లు పడేచోట రాయీ సిమెంటూ వేయాలి. నడిమి గోడను పెంకుల కప్పుదాకా లేపాలి, లేకుంటే ఇవతలి మాట అవతలికి వినబడుతుంది. పర్దా చేసిన పని ఇటుకలకు అప్పజెప్పాం.

ఆ కిరాయి పైసలతో ఎందరో బేవాలు పిల్లల్ని సాకారు. కానీ బావి ఉమ్మడైంది. దొడ్డిదారి ఉమ్మడైంది. పగలంతా సహన్‌లో తిరిగిన ఆడవాళ్లు చీకటితోనే నీళ్లు చేదుకోవాల్సి వచ్చింది. ఇల్లు నిలబెట్టిన ఖర్చు వాళ్ల జాగాలోంచే పోయింది. ఈ లెక్క మా మగవాళ్లు ఎక్కడా రాయలేదు.

జిల్లా పేరు మెదక్‌దే అయినా కచేరీలన్నీ చాలాకాలం సంగారెడ్డిలో నడిచాయి. 2016 అక్టోబరు 11న మెదక్ జిల్లా కేంద్రమైంది. నౌకరీదార్లు వచ్చారు, పోర్షన్లకు గిరాకీ పెరిగింది. పాత అర్రలకు స్లాబులు పడ్డాయి, వేరే కరెంటు మీటర్లు వచ్చాయి.

ఇదే ఊరి మా పిల్లలు పట్నం పోయి ఇల్లు వెతికితే ముందు పేరడుగుతారు. పేరు విన్నాక ‘ఇప్పుడే ఇచ్చేసినం’ అంటారు. బయట టు-లెట్ బోర్డు మాత్రం అట్లాగే వేలాడుతుంటుంది. మాలోనూ కులమడిగి ఇల్లిచ్చేవాళ్లున్నారు. అదీ తప్పే, అదీ మాట్లాడదాం.

నవాబులని పిలిచేవాళ్లకు మా జవాబొక్కటే. ఖిల్లా మీరే ఉంచుకోండి. మా పిల్లలు వాళ్ల పేరే చెప్పుకొని, అడిగినంత కిరాయి కట్టి, ఒక పోర్షన్‌లో దిగగలిగితే మాకు చాలు.