పేరు, హోదా, సంఖ్య: యుద్ధఖైదీ మౌనం

శత్రువుకు చిక్కిన సైనికుడు ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు? దీన్ని నేర్పడానికి 1944లో అమెరికా సైనిక వైమానిక దళం ‘రెసిస్టింగ్ ఎనిమీ ఇంటరాగేషన్’ అనే శిక్షణ చిత్రాన్ని తీసింది.

1929 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం యుద్ధఖైదీ తన అసలు పేరు, హోదా లేదా సైనిక సంఖ్య చెబితే చాలు. అంతకుమించి చెప్పమని ఒత్తిడి చేయరాదు. మరి రహస్యాలు ఎలా బయటపడతాయి? ఈ చిత్రంలో జర్మన్లు బందీలైన విమాన సిబ్బందితో స్నేహం నటిస్తారు, దాచిన మైక్రోఫోన్లతో వారి కబుర్లు వింటారు. ఒక్కొక్కరి నోటి నుంచి జారింది చిన్న మాటే. అన్నీ కలిపి చూస్తే దాడి రహస్యం తెలిసిపోతుంది. దాని మూల్యం తోటి వైమానికుల ప్రాణాలు.

ఇది ఉత్త కల్పన కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ సమీపంలోని ఓబరుర్సెల్‌లో జర్మన్ వైమానిక దళానికి విచారణ కేంద్రం ఉండేది. అక్కడ హాన్స్ షార్ఫ్ అనే విచారణకర్త ఖైదీలపై చేయి చేసుకోకుండా, ఆప్యాయంగా మాట్లాడుతూనే సమాచారం రాబట్టేవాడు.

1949 నాటి జెనీవా ఒప్పందం చిత్రహింసలనే కాక, బెదిరింపులను, అవమానాలను కూడా నిషేధించింది. అయితే తియ్యని మాటను ఏ ఒప్పందమూ నిషేధించలేదని గమనించండి. అక్కడ సైనికుడికి రక్ష అతని జాగ్రత్తే. ఆ చిత్రం నేర్పింది ఇదే.