ఐదు స్వరాలు, ఐదు రాగాలు

మన కొత్తచెరువుకు దగ్గరలోని పెనుకొండ, 1565 తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని అయింది. ఆ యుద్ధంలో మరణించిన అళియ రామరాయల ఆదరణలోనే రామామాత్యుడు 1550లో ‘స్వరమేళకళానిధి’ రచించాడు. వీణపై మెట్లు ఎక్కడ నిలపాలో అందులో వివరించాడు. ఇంజనీరునైన నన్ను ఆకట్టుకున్నది ఆ మెట్ల లెక్కే.

కింది ‘స’ నుంచి పై ‘స’ వరకు దూరాన్ని నేడు 1200 సెంట్లుగా కొలుస్తారు. ఐదు స్వరాలకు సమంగా పంచితే ఒక్కొక్కటి 240. జావా గమెలాన్ వాద్యాల స్లెండ్రో శ్రుతి దీనికి దగ్గరగా ఉంటుంది.

మన మోహన అలా కాదు. వీణపై దాని నడక 2, 2, 3, 2, 3 మెట్లు. ఈ హెచ్చుతగ్గుల వల్లే గ్రహభేదం పుట్టింది. మోహనలోని రిషభాన్ని షడ్జం చేసుకుంటే మధ్యమావతి, గాంధారాన్ని చేసుకుంటే హిందోళం, పంచమాన్ని చేసుకుంటే శుద్ధసావేరి, ధైవతాన్ని చేసుకుంటే శుద్ధధన్యాసి వస్తాయి. దూరాలన్నీ సమం చేస్తే ఎక్కడ మొదలుపెట్టినా ఒకటే వరుస. ఐదు రాగాలూ ఒకటైపోతాయి. పైగా పంచమం 702 సెంట్ల దగ్గర కాక 720కి జరిగి, తంబురాతో పొసగదు.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి: బోర్డు మీద 2+2+3+2+3=12 అని రాసి, పిల్లలచేత ఐదు చోట్ల నుంచీ పాడించండి. లెక్కలూ వస్తాయి, రాగాలూ వస్తాయి.