ఇంటి తెలుగు, బడి తమిళం: రెండు శతాబ్దాల విద్యా పరిశీలనలు

కోయంబత్తూరు, మధుర ప్రాంతాల్లో తెలుగువారి నివాసం విజయనగర కాలం నుంచి వస్తున్నది. 1529 ప్రాంతంలో మధురలో నాయకరాజ్యం ఏర్పడిన తరువాత సైనికులుగా, రైతులుగా, నేతపనివారుగా దక్షిణాదికి వలసవచ్చి స్థిరపడిన అనేక కుటుంబాలకు ఇంట్లో మాట తెలుగుగానే నిలిచినా, రాతచదువు మాత్రం కాలక్రమాన తమిళంలోకి మారింది. పిల్లలు బడిలో ఏం నేర్చుకుంటున్నారు, ఎలా నేర్చుకుంటున్నారు అన్న విషయంపై ఈ నేలలో సాగిన పరిశీలనలను కాలక్రమంలో చూస్తే, మాటకూ రాతకూ మధ్య ఉన్న ఈ ఎడమే వాటిలో తక్కువ పట్టింపుకు నోచుకున్న అంశమని తేలుతుంది.

1606లో మధురకు వచ్చి తమిళ, తెలుగు, సంస్కృత భాషలు నేర్చిన ఇటలీ జెస్యూట్ రాబర్ట్ డి నోబిలి, ఆ నగరంలో పదివేలకు పైబడి విద్యార్థులు వేర్వేరు గురువుల వద్ద చదువుతున్నారని 1610 నాటి లేఖలో రాశాడు. అది ఒక ప్రత్యక్షసాక్షి వేసిన అంచనా మాత్రమే. పైగా అతడు చూసింది శాస్త్రవిద్యను, అక్షరాలు దిద్దే పసిపిల్లల చదువును కాదు. వీధిబడిని గురించి క్రమపద్ధతిలో ఆరా తీసినవాడు మద్రాసు గవర్నరు థామస్ మన్రో. జిల్లాలో ఉన్న బడులెన్ని, చదివే పిల్లలెందరు, వారు ఏ కులాలవారు అన్న వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను కోరుతూ అతడు 1822 జూన్ 25న మినిట్, అనగా పాలకుడు తన అభిప్రాయాన్ని నమోదు చేసే అధికార పత్రం, రాశాడు. 1826లో క్రోడీకరించిన ఫలితాల ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులుండగా, మధుర జిల్లాలో 844, కోయంబత్తూరు జిల్లాలో 763 ఉన్నాయి.

కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ పంపిన లెక్కలో బడుల భాష కూడా కనిపిస్తుంది: 671 తమిళ బడులు, 38 కన్నడ బడులు, 25 తెలుగు బడులు, మిగిలినవి ఇతర భాషలవి. కొల్లేగాలం వంటి కన్నడ ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేది కనుక కన్నడ బడుల సంఖ్యలో వింత లేదు. తెలుగు బడులు ఆ పాతికే అయినా, ఇక్కడి తెలుగువారికి సొంత లిపిలో చదువు ఒకనాడు అందుబాటులో ఉండేదనడానికి అవి గట్టి ఆధారం. అయితే ఆ పట్టిక బడి భాషను చెబుతుందే గాని బిడ్డ భాషను చెప్పదు. తమిళ బడుల్లో కూర్చున్న పిల్లల్లో ఎందరు ఇంటికి వెళ్లి అమ్మతో తెలుగులో మాట్లాడేవారో అందులో వెతికినా దొరకదు.

ఆ లోటును కొంతవరకైనా తీర్చే నివేదిక బళ్లారి నుంచి వచ్చింది. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ప్రకటించిన ఎ.డి. క్యాంప్‌బెల్ అక్కడి కలెక్టరుగా 1823లో రాసిన ఆ నివేదిక, సంఖ్యలను దాటి బడి లోపలికి చూసిన అరుదైన రచన. తన జిల్లాలోని 533 బడుల్లో 226 తెలుగువని, 235 కన్నడవని అతడు లెక్క తేల్చాడు. ఉదయం అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారనీ, రెండోవాడి చేతిలో మెప్పుకూ తప్పుకూ చెందని గుర్తుగా సున్న చుట్టేవారనీ, మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, ఆపై వచ్చినవారికి ఒక్కొక్కటి చొప్పున పెంచుతూ దెబ్బలు పడేవనీ, పిల్లలు మొదట ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారనీ అతడు వర్ణించాడు. వీటన్నిటికంటే విలువైనది అతడి విమర్శ: బడిలో వల్లె వేయించే పద్యాల భాష నోటిమాటకు దూరమైనది కావడం వల్ల, పిల్లలు పద్యాలు పద్యాలుగా అప్పజెప్పగలిగినా వాటి అర్థం ఎరుగరు. ఇంటిమాటకూ బడిరాతకూ మధ్య దూరం చదువును ఎలా కుంటుపరుస్తుందో చెప్పిన ఈ పరిశీలన నేటి అభ్యసన పరిశోధనకు పూర్వరూపమనడం అతిశయోక్తి కాదు.

అంతకుముందే మద్రాసు ఎగ్మూరు అనాథశాలను పర్యవేక్షించిన ఆండ్రూ బెల్, దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి ఆ పద్ధతిని తన శాలలో ప్రవేశపెట్టాడు. చదువు వచ్చిన పిల్లలచేత తోటిపిల్లలకు చెప్పించే పద్ధతిని అక్కడే పెంపొందించి, 1797లో లండన్‌లో పుస్తకంగా ప్రకటించాడు. దక్షిణాది బడి ఇంగ్లండుకు నేర్పిన పాఠమిది.

ఇరవయ్యో శతాబ్దంలో పరిశీలన స్థానాన్ని ప్రయోగం ఆక్రమించింది. 1930లో అవినాశిలింగం చెట్టియార్ కోయంబత్తూరులో స్థాపించిన రామకృష్ణ విద్యాలయం ఆ తరువాత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలగా కూడా విస్తరించింది. అదే ప్రాంతపు తెలుగు కుటుంబంలో పుట్టి, బడిచదువు అంతగా లేకుండానే యంత్రవిద్యలో ఆరితేరిన జి.డి. నాయుడు, 1945లో అక్కడ సాంకేతిక విద్యాసంస్థల స్థాపనకు తోడ్పడి, ఇంజనీరింగు చదువుకు అన్నేళ్లు అక్కరలేదని వాదించాడు. 1966లో మధుర, 1982లో భారతియార్ విశ్వవిద్యాలయాలు ఏర్పడడంతో ఈ నగరాలు పరిశోధన కేంద్రాలయ్యాయి.

భాష విషయంలో చట్టం ఒక అడుగు వేసింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే వసతి కల్పించడానికి ప్రతి రాష్ట్రం ప్రయత్నించాలని 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం చెబుతున్నది. 2006 నాటి తమిళనాడు చట్టం తమిళాన్ని బడుల్లో దశలవారీగా తప్పనిసరి చేసింది. రాష్ట్రభాష నేర్వడం ఇక్కడి తెలుగు బిడ్డకు మేలే. అయితే ఆ నేర్పు ఇంటిమాట పునాదిగా సాగుతున్నదా, దాన్ని చెరిపివేస్తూ సాగుతున్నదా అన్నది వేరే ప్రశ్న.

ఈ సందర్భంలో అప్పట్లో చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ పాఠశాల ప్రయోగాన్ని తలచుకోవాలి. ఒకే గదిలో పలు తరగతుల పిల్లలుండే పల్లెబడుల కోసం, పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, ప్రతి బిడ్డా తన వేగంతో మెట్టుమెట్టుగా ఎక్కే అభ్యసన నిచ్చెనను అక్కడి ఉపాధ్యాయులు తెలుగులో రూపొందించారు. ఆ పద్ధతే 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లోకి, తరువాత కొద్ది సంవత్సరాల్లో తమిళనాడంతటికీ పాకింది. తెలుగు పల్లెల కోసం పుట్టిన ఆ నిచ్చెన కోయంబత్తూరు, మధుర పల్లెబడులకు చేరేసరికి కార్డులు తమిళంలోకి మారాయి. ఇంట్లో తెలుగు మాట్లాడే బిడ్డ మొదటి మెట్టు మీదే రెండో భాషను ఎదుర్కొన్నాడు.

ఈ బిడ్డ ఏ వయసులో రెండు భాషలనూ వేరు చేసి చూడగలుగుతున్నాడు, తెలుగు లిపి ఎరుగకపోవడం అతడి ఇంటిభాషను ఏం చేస్తున్నది అన్నవి ఊరూరా తిరిగి, పిల్లలతో కూర్చుని తేల్చవలసిన విషయాలు. సల్లివన్ పట్టికలో లేని ఆ గడిని నింపే పనిని మధుర, కోయంబత్తూరు విశ్వవిద్యాలయాల విద్యాశాఖలు, తెలుగు శాఖలతో కలిసి, ఇంట్లో తెలుగు వినిపిస్తున్న ఈ తరంలోనే చేపట్టాలి.